ఒంటిగంట కిటికీ

సభకు అధ్యక్షత వహించిన డైరెక్టరుగారికి, ఆయన పక్కన కూర్చుని మాటిమాటికీ గోడగడియారం చూస్తున్న ముఖ్య అతిథిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు, ఈ పూట నా మూలంగా భోజనం ఆలస్యమైన అందరికీ నమస్కారం. (నవ్వులు)

నేను రిటైరవుతున్నానని ఇంతసేపూ నా గురించి చెప్పినవి విన్నాక, ఇంత గొప్ప మనిషిని ఈ ఉపాధి కార్యాలయంలో మూడో నంబరు కిటికీ దగ్గర ముప్ఫై ఏళ్లు ఎందుకు కూర్చోబెట్టారో నాకే అర్థం కాలేదు. మా ఆయనైతే ఎవరి సంగతో అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు. మీ ఆవిడ గురించేనండీ, సర్దుకుని కూర్చోండి.

ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తేడా ఎలా తగ్గించాలో మన డైరెక్టరుగారు మూడు సంపుటాల నివేదిక రాశారు. నేను చదివాను, ఒట్టు. ఉన్నవాళ్ల దగ్గర పన్ను గట్టిగా వసూలు చెయ్యాలి, ఆ డబ్బుతో లేనివాళ్లకు చదువూ పనీ నేర్పాలి, కూలి రేట్లు కాగితం మీద కాకుండా చేతికి అందాలి అన్నారు. ఒక్క మాట కూడా తప్పు లేదు. రెండో సంపుటం మరీ బాగుంటుంది, కిటికీ రెక్క కిందికి జారకుండా దన్నుగా పెట్టుకున్నాను. (నవ్వులు) కోప్పడకండి సార్, మొదటిది మరీ పల్చన.

ఆ నివేదిక పుణ్యమా అనే సాయంత్రం పూట ఉచిత శిక్షణ తరగతులు వచ్చాయి. చేరాలంటే మనిషి స్వయంగా వచ్చి మా కిటికీ దగ్గర సంతకం పెట్టాలి. మొదటి ఏడాది సగం సీట్లు ఖాళీ. పేదవాళ్లకు శ్రద్ధ లేదని సమావేశంలో తేల్చేసి బిస్కెట్లు తిన్నాం. నేనూ తిన్నాను, నాలుగు.

ఒకరోజు ఒంటిగంటకు కిటికీ మూసి, డబ్బా విప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, ఎవరో దబదబా బాదారు. ఎదుటి ఫ్యాక్టరీలో చొక్కాలకు బొత్తాలు కుట్టే ఆవిడ. "ఎన్నిసార్లు తిరగాలమ్మా? మమ్మల్ని వదిలేది ఒంటిగంటకి, అదీ అరగంట. మీరు మూసేదీ ఒంటిగంటకే. పని మానుకుని వస్తే ఆ పూట కూలి మీరిస్తారా?" అంది. "రూలమ్మా" అన్నాను, నోట్లో ముద్దతోనే. ఆ ముద్ద మాత్రం మింగుడు పడలేదండీ. శ్రద్ధ లేదన్నవాళ్లలో నేనూ ఉన్నాను కదా.

మర్నాటి నుంచి పన్నెండింటికే తినేసి, ఒంటిగంట నుంచి రెండు దాకా కిటికీ తెరిచి కూర్చున్నాను. ఆ ఏడాది సీట్లన్నీ నిండాయి, నాకు మెమో వచ్చింది. "భోజన విరామ సమయంలో భోజనం చేయనందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." నాకు పన్నెండింటికే ఆకలేస్తుందని రాసిచ్చాను. పదకొండేళ్లయింది, ఇంకా పరిశీలనలోనే ఉంది. (నవ్వులు)

ఆ బొత్తాలావిడ ఇప్పుడు ఎలక్ట్రీషియన్. సంపాదన అప్పటికి మూడింతలు. ఈ మైకు బిగించింది ఆవిడే. అదిగో, తలుపు దగ్గర నిలబడి త్వరగా ముగించమని సైగ చేస్తోంది.

నా దిగులు ఒక్కటే. రేపు నా కుర్చీలోకి వచ్చే కొత్తమ్మాయి అందరిలాగే ఒంటిగంటకు తింటుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఒక గుమాస్తా ఆకలి వేళ మీద నడిచేదాన్ని ప్రభుత్వ విధానం అంటామా సార్? మూడో కిటికీ ఒంటిగంట నుంచి రెండు దాకా తెరిచి ఉండాలి, అక్కడి ఉద్యోగి ముందే తినాలి అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టమని పదకొండేళ్లుగా అడుగుతున్నాను. నాకు నిజంగా బాధగా ఉంది. మూడు సంపుటాలు రాసినవారికి ఒక్క వాక్యం అంత కష్టమా?

ముఖ్య అతిథిగారూ, ఆ గడియారంలో ఒంటిగంట పది అయింది కదా. నాకు సన్మానం చేద్దామని అందరం ఇక్కడ చేరాం, కిటికీ మూసేశాం. అద్దం తలుపులోంచి చూడండి, తొమ్మిది మంది నిలబడ్డారు. వాళ్లకింకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. నా ఉద్యోగం సాయంత్రం ఐదింటి దాకా ఉంది.

ఈ పూలగుత్తి మా ఆయనకివ్వండి. కొత్తమ్మాయీ, నాతో రా తల్లీ, ఆ తాళం కొంచెం మొండిది, ఎటు తిప్పాలో చూపిస్తాను. సార్, మీరూ రండి, ఆ వాక్యం అక్కడే రాద్దురుగాని. పెన్ను కిటికీకే కట్టి ఉంది. రెండో సంపుటం మాత్రం కదపకండి, రెక్క వేళ్ల మీద పడుతుంది.

ఇన్నేళ్లూ నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు భోజనాలు కానివ్వండి. నేను తినేశాను. సెలవు.