తళుకుల కోటు

ఊడిన చమ్కీలు కుట్టివ్వమని రాక్ స్టార్ ఇష్తియాక్ పంపిన స్టేజీ కోటును మగ్గానికి బిగించి, సూది పట్టుకుని దాని మీదికి వంగింది అక్క. పక్కన ఫోన్‌లో అతని కొత్త పాట మోగుతోంది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

“నిన్నొదిలేసి ఇంకోదాంతో పోయినోడి పాట వింటున్నావా అక్కా?”

“బాగుందే. ఆ గిటార్ మొదలైతే బందరు రోడ్డంతా ఊగిపోవాల్సిందే.”

“మొహాన తళుకులు పూసుకుని తిరిగే మనిషి!”

“తళుకులు పూసుకుంటే తప్పేంటి? తప్పు ఇంట్లో చేశాడు, పాటలో చెయ్యలేదు.”

“గవర్నర్‌పేటలో అందరూ నవ్వుతున్నారు నిన్ను చూసి.”

“నవ్వనీ. బాగున్నదాన్ని బాలేదని నేను చెప్పను.”

“అందుకని కోటు కూడా బాగుచేసి పెడతావా?”

“ఇట్రా, చూడు.”

అక్క సూదిమొనతో కుట్టు లేపి దారం పుటుక్కున తెంపింది. చమ్కీలు జలజలా ఒళ్లోకి రాలాయి. సగం కోటు అప్పటికే బోసిగా ఉంది.

“పెళ్లయిన కొత్తలో నా చేత్తో కుట్టినవి. ఒక్కటీ ఉంచను.”

“రేపే కదా షో! ఏమేసుకుంటాడు?”

“ఈ ఉత్త నల్లకోటే వేసుకుంటాడు. పాట బాగుందిగా, అది చాల్లే.”