ఈ కాన్పు నీ ఇంట్ల చెయ్యి వదినా

మంచినీళ్లు గూడ ముట్టనంటే ఎట్ల వదినా? ధర్మసాగర్ నుంచి ఎండల బస్సెక్కి వచ్చినవ్. కోపముంటే నా మీద చూపియ్యి, గ్లాసు మీద ఎందుకు? సరే, ఆడ పెడుత. తాగబుద్ధైనప్పుడు తాగు. ఆ కుర్చీల కాదు, దాని కాలు వదులైంది. ఇటు మంచం మీద కూసో.

నువ్వెందుకొచ్చినవో నాకు తెల్వదా? మా కావ్య ఏడ్చుకుంట నీకు ఫోన్ చేసి ఉంటది. "అత్తమ్మా, మా అమ్మ నన్ను తొలికాన్పుకు తోల్కపోనంటాంది" అని చెప్పి ఉంటది. పుణెల అది ఏడుస్తె ధర్మసాగర్ల నీకు అన్నం సయించలే. మంచిదానివి వదినా. కోడలు ఏడ్చిందని బస్సెక్కే అత్తలు ఎందరుంటరు?

ఆ, అన్న. కాదంటలేను. నా నోటితోనే అన్న. "నా ఒళ్లు ఇప్పుడిప్పుడే దారికొచ్చింది బిడ్డా. కాన్పు ఇల్లంటే నిద్రుండది, వేళకు తినుడుండది. ఇన్ని దినాలు చేసిన ఉపాసమంత ఆగమైతది, మళ్ల లావైత. ఈ ఒక్క కాన్పు మీ అత్తమ్మ దగ్గర కానియ్యి" అన్న. అది ఒక్క ముక్క గూడ కల్పించి చెప్పలే నీకు.

కొట్లాడితే బాగుండు వదినా. కొట్లాడలే. "సరే అమ్మా" అని ఫోన్ పెట్టేసింది. అంతే.

మీ ఊర్ల నవ్వుతాన్రా? నవ్వనియ్యి. మా శివనగర్ల నవ్వుతలేరా ఏంది? ఏ దేవునికి ఒక్కపొద్దు రమక్కా అని అడుగుతరు. ఏ దేవునికి లేదమ్మా, ఫోన్ల ఒక గడియారముంది, అది మోగినప్పుడు తినాలె, మోగినప్పుడు ఆపాలె అని చెప్పిన. ఇగ ఒకటే నవ్వుడు. "మా ఫోన్లకు ఆకలి తప్ప ఉపాసం తెల్వదక్కా, దినానికి రెండుసార్లు చార్జింగ్ అడుగుతయి" అంటరు.

లేవకు వదినా. మొత్తం ఇను. ఇన్నంక తిట్టేదుంటె తిట్టు, నేను తల దించుకోని పడ్త.

నాకు ముట్టు ఆగినంక ఒళ్లు నా మాటినుడు బంద్ చేసింది. నీకు తెల్వనిదేముంది, నువ్వు గూడ అది దాటి వచ్చినదానివే. ఉన్నట్టుండి మొఖం మీద నిప్పులు గుమ్మరిచ్చినట్టు అయితది, చలికాలం గూడ చెమటలు పడ్తయి. తిన్నది తిన్నట్టు కడుపు మీదికే వస్తది. సగం తిన్నా అంతే. "గాలి పీల్చినా లావైతానవ్, జర చిన్నగ పీల్చు" అనేటోడు మా ఆయన. నవ్వేదాన్ని. నవ్వక ఏం చేస్త?

గప్పుడు ఎదురింటి రాజక్కకు మనుమరాలు పుట్టింది. పిల్లకు నీళ్లు పోయమని నన్ను పిలిచిన్రు. చంటిపిల్లలకు నీళ్లు పోసుడంటే ఈ వాడకట్టుల నన్నే పిలుస్తరు వదినా. ఇక్కడ చెడ్డీలేసుకోని ఉరికే పోరగాండ్లంత నా కాళ్ల మీద తానం చేసినోళ్లే. పీట మీద కూసున్న, కాళ్లు చాపిన, పిల్లను కాళ్ల మీద పండేసుకున్న. నూనె రాసిన, నలుగు పెట్టిన, చెయ్యి అడ్డం పెట్టి కండ్లల్ల పడకుంట నీళ్లు పోసిన. పిల్ల ఏడ్వనే లేదు. పిల్లను అందుకున్నరు.

ఇగ నేను లేవాలె. లేవరాలే.

మోకాళ్లు ఒంగుతలేవు, ఒళ్లు పైకి లేస్తలేదు. ఇద్దరు రెక్కలు పట్టిన్రు, ఒకామె వెనుక నుంచి నడుము పట్టింది. లేపంగనె నాతోని పీట గూడ లేచింది. ఒకటే నవ్వుడు ఇగ. గప్పుడు పోయినేడు దసరకని కావ్య వచ్చి ఉన్నది. అది గూడ నవ్వింది. "అమ్మా, రేపు నా బిడ్డకు నీళ్లు పోసినంక నిన్ను లేపెతందుకు క్రేన్ తెప్పియ్యాల్నా" అన్నది. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చి బాత్‌రూంల నల్లా ఇప్పుకోని ఏడ్చిన.

అది ఇన్నట్టుంది. తెల్లారి నా పక్కపొంటి కూసోని ఫోన్ల అదేదో ఎక్కిచ్చింది. పొద్దుగూకక ముందే తినాలె, మళ్ల తెల్లారి పగటియాళ దాక ముద్ద ముట్టద్దు, చాయ్ల చక్కెర గూడ వద్దు అని నేర్పిచ్చింది. డాక్టర్‌కు చూపిచ్చుకోని షురూ చెయ్యమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. సరే సరే అన్న. పోలే. ఒక్కపొద్దుకు డాక్టరేంది, మా అవ్వ ఎన్ని ఉండలే అనుకున్న.

మొదట్ల మస్తు కష్టమైంది. పక్కింట్ల పోపు వాసన వస్తె కండ్లల్ల నీళ్లు తిరిగేటియి. అయినా ఇడువలే. పొద్దుపొద్దున పక్కింటి మొగిలమ్మను ఎంట పెట్టుకోని ఖిల్లాల రాతి తోరణాల దాక నడుచుకుంట పోయేదాన్ని. మెల్లగ మెల్లగ ఒళ్లు దిగింది. రైకలు వదులైనయి. మోకాళ్లు తేలికైనయి.

నీకొకటి చెప్త, నవ్వకు. ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు నేను పీటేసుకోని కూసునేదాన్ని. కాళ్లు చాపి, వాటి మీద దిండు పండబెట్టేదాన్ని. దిండుకే నూనె రాసినట్టు, నీళ్లు పోసినట్టు చెయ్యి తిప్పేదాన్ని. తర్వాత దిండు పక్కకు పెట్టి, గోడ పట్టకుంట లేసేదాన్ని. మొదట్ల పడ్డ. ఒకనాడు లేచిన. మా ఆయన కేసముద్రం మార్కెట్ నుంచి ఎప్పుడొచ్చిండో, తలుపుల నిలవడి చూస్తాండు. దినమంత పత్తి చూసే మనిషాయె. "మనుమరాలికి దూది జర తక్కువైనట్టున్నది" అన్నడు.

అగో, నవ్వినవ్. నవ్వు వదినా. నవ్వితె నువ్వు కావ్య పెండ్లిల ఉన్నట్టే ఉంటవ్.

అదైనంక ఎక్కువ దినాలు కాలే, కావ్య కడుపుతోని ఉన్నదని మీ మధు ఫోన్ చేసిండు. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్న.

ఇగ ఇప్పుడు చెప్పేది ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.

నాకు మళ్ల కనవడ్డది.

నెత్తురు వదినా. ముట్టు ఆగి ఏండ్లైంది గదా, మళ్ల వచ్చింది. నేనేమనుకున్ననో తెలుసా? ఉపాసాలకు ఒళ్లు కొత్తదైంది, మళ్ల పడుచుదాన్నైతాన అనుకున్న. మొగిలమ్మకు చెప్తె అది గూడ అట్లనే అన్నది. లోపలి మురికంత పోతాంది, నీకు మంచిదే అన్నది. దాన్నేమంటం, దానికి మాత్రం ఏం తెలుసు.

ఎనుకట లెక్కనే దూరమున్న. దేవునర్ర దిక్కు పోలే. దీపం నువ్వే పెట్టు అని మా ఆయనకు చెప్పిన. ఆయన నా దిక్కు చూసిండు. జరసేపటికి సమజైంది. అగ్గిపుల్ల గీసుకుంట నవ్విండు. నాకు సిగ్గొచ్చింది వదినా. ఇంత వయసుల, బిడ్డ కడుపుతోని ఉండంగ, మొగని ముందట సిగ్గుపడ్డ.

మళ్ల వచ్చింది. మళ్ల వచ్చింది. నెల లేదు, లెక్క లేదు. వచ్చినప్పుడల్ల దూరం కూసున్న. దవాఖానకు ఉరకాల్సిన దానికి నేను దూరం కూసోని మురిసిన.

ఈ ఏడు బతుకమ్మ పండుగకు గడియారం బంద్ చేసి అన్ని తిన్న. సత్తుపిండి తిన్న, మలీద తిన్న. అయినా ఒళ్లు దిగుకుంటనే పోయింది. అందరు భలే సన్నబడ్డవ్ అన్నరు. నేను గూడ భలే అనుకున్న. నడుముల గుంజుతాంటె నడక ఎక్కువైంది కావచ్చనుకున్న. ఒకనాడు ఖిల్లాల కండ్లు తిరిగి రాయి మీద కూలవడ్డ. మొగిలమ్మ నా చీర ఎనుక చూసి బెదిరింది. ఆటో పిలిచి హన్మకొండల లేడీ డాక్టర్ దగ్గరికి తీస్కపోయింది.

ముట్టు ఆగి ఎన్నేండ్లైంది అని అడిగింది డాక్టరమ్మ. చెప్పిన. మొదటిసారి కనవడ్డప్పుడే ఎందుకు రాలే అన్నది. మంచిదనుకున్న మేడం అన్న. ఆమె రాసుడు ఆపి నా మొఖం చూసింది. పరీక్షకు ముక్క తీసి పంపింది.

గర్భసంచిల క్యాన్సరట.

గట్టిగ ఏడ్వకు వదినా, రాజక్క వాకిట్లనే ఉన్నది. ఇంకా ఎవ్వరికి చెప్పలే. ఆయనకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మొగిలమ్మకు గడ్డ అని చెప్పిన. హైదరాబాద్ల ఆపరేషన్ చేసి సంచి తీసేస్తరట. అయినంక చూసి, కరెంటు పెట్టుడు, రేడియేషనంటరే అది, ఉంటదేమో చెప్తరట. అన్ని కావ్యకు నొప్పులొచ్చే నెలనే పడ్డయి. ఆగమంటే ఆగేటట్టు లేదన్నరు. నేను అడగకుంట ఉంటనా? బతిలాడిన. కాన్పైనంక వస్త మేడం అన్న. మీ బిడ్డకు మీరుండాల్నా వద్దా అన్నదామె.

బతుకుతననే చెప్పింది. జర ఆలస్యమైంది, అయినా బతుకొచ్చు అన్నది. ఆ మాట పట్టుకునే ఉన్న.

ఉపాసం చేసినందుకే వచ్చిందా అని గూడ అడిగిన. కాదమ్మా, అది వేరు ఇది వేరు అన్నది. ముట్టు ఆగినంక ఒక్క చుక్క కనవడ్డా అదే దినం రావాలె, అందరికి చెప్పు అన్నది. నేను నమ్మిన. మరి కావ్య నమ్ముతదా?

నీకు నా బిడ్డ తెల్వదు వదినా. కోడలిగ తెలుసు. చిన్నప్పుడు వానల వాళ్ల నాయనను మిర్చిబజ్జీలు తెమ్మని మొండికి పడ్డది. ఆయన స్కూటర్ జారి పడి చెయ్యి ఇరిగింది. దాన్ని ఎవ్వరేమనలే. ఆయన పట్టీ కట్టుకోని వచ్చి, ఇంకో చేత్తోని బజ్జీల పొట్లం ఇచ్చిండు. ఇప్పటికి గూడ నా బిడ్డ మిర్చిబజ్జీ ముట్టది. ఎప్పుడన్న పెట్టి చూడు. ఆకలి లేదంటది.

మరి ఇదెట్ల తట్టుకుంటది? "మా అమ్మను నేనే కడుపు మాడ్పిన" అనుకుంటది. ఎంతమంది డాక్టర్లు కాదని చెప్పినా లోపల అదే అనుకుంటది. దానికి బీపీ ఎక్కుతాంది, మనసుల ఏది పెట్టుకోవద్దని పుణెల డాక్టర్ చెప్పిందని నీకు గూడ మధు చెప్పే ఉంటడు. నేను చెప్పినంక దానికి, కడుపుల పిల్లకు ఏమన్న అయితే?

అందుకే గా మాట అన్న. వేరే ఏ సాకు చెప్పినా నమ్మేది కాదు. వచ్చి చూస్తనంటది. ఒళ్లు మీద మోజు అంటె నమ్మింది. ఎట్ల నమ్మిందో చూడు. నాకు ఒళ్లు పిచ్చి అని నలుగురు అంటాంటె అది గూడ అట్లనే అనుకున్నట్టుంది.

పాపమంటవా? పాపమే. రేపు తెలిస్తె నన్ను క్షమిచ్చదంటవ్. క్షమిచ్చకపోనియ్యి. పిల్ల భూమ్మీద పడి, అది లేచి తిరిగినంక నేనే చెప్త. గప్పుడు తిట్టనియ్యి. గప్పుడు నేనుంట కదా, పడ్త.

ఈ కాన్పు నీ ఇంట్ల చెయ్యి వదినా. పుట్టింటోళ్లు చెయ్యాల్సింది నీ మీద ఏస్తాన. వచ్చే వారం మధు దాన్ని తోల్కొస్తడు కదా. అమ్మను చూస్తనని లేస్తది. నేను యోగ క్యాంపుకు పోయిన్నని చెప్పు. వాళ్ల నాయనకు పత్తి సీజన్ అని చెప్పు, అది అబద్ధం గూడ కాదు.

పత్యమని దాని నోరు కట్టెయ్యకు. ఆకలైతాంది అని అది అడగది, నువ్వే పెట్టాలె. కాళ్లు సల్లబడితె నిద్రపోదు, రాత్రి సాక్సులు తొడుగు. నొప్పులొస్తె అరవది, పండ్లు కొరుక్కుంట ఊకుంటది, మొఖం చూసి నువ్వే కనిపెట్టాలె. పిల్లకు నీళ్లు నువ్వే పొయ్యి. నీళ్లు మోచేత్తోని చూడు, వేళ్లతోని కాదు. నీకు తెలుసు. తెలుసని నాకు గూడ తెలుసు, అయినా చెప్పబుద్ధైతాంది.

నీ సంచిల ఫోన్ మోగుతాంది వదినా. కావ్యేనా?

ఎత్తు. ఎత్తకపోతె అది ఇంకేదో అనుకుంటది. మొఖం తుడుచుకో, గొంతు సవరించుకో. మీ అమ్మకు ఎంత చెప్పినా ఇనలే, ఒళ్లు పిచ్చి పట్టింది, ఇడిసిపెట్టు, నీకు నేను లేనా అని చెప్పు. నా మీద కోపం రానియ్యి దానికి. కోపమొచ్చినోళ్లు తింటరు, పంటరు, పంతానికన్న మంచిగుంటరు. భయపడ్డోళ్లకు ముద్ద దిగది.

స్పీకర్ మాత్రం పెట్టకు. దాని గొంతింటే నేను మొత్తం చెప్పేస్త.