చదివి వినిపించని అర్జీ

అమ్మలారా, అయ్యలారా, వెనక వరసలో నిలబడ్డ వకీళ్లారా! పనులు మానుకుని వచ్చారు. మన వకీలమ్మ ఇక లేరు. ఈ మాట పొద్దుటి నుంచి అనుకుంటున్నాను, నోటికి అలవాటు కావడం లేదు.

నేను దర్జీని. కొలతలు తీయడం తప్ప ప్రసంగాలు రావు. అయినా నన్నే మాట్లాడమన్నారు. ఎందుకంటే, ఆవిడ చేసిన తప్పుకి సాక్షిని నేనే.

మానవ హక్కుల కోసం ముప్ఫై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. అర్జీ రాశాక, ఎవరి కోసం రాశారో వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదివేవారు. "ఇది నీ మాటేనా?" అని అడిగేవారు. కాదంటే ఆ ముక్క కొట్టేసేవారు. ఒక కూరగాయలమ్మ కొడుకుని పోలీసులు స్టేషన్లో చితకబాదారు. అర్జీలో 'తీవ్ర మనోవేదన' అని పడింది. "నేనలా అన్లేదమ్మా, కడుపు మండిపోయిందన్నాను" అందామె. అదే రాశారు. జడ్జిగారు ముఖం చిట్లిస్తే, "మండింది ఆమె కడుపండీ, నేను మార్చలేను" అన్నారు. ఆ ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఇక నా సంగతి. సమ్మె జెండాలు కుట్టిచ్చినందుకు, రాళ్లు రువ్వానని కేసు పెట్టి లోపల వేశారు. ఆవిడకి ఆ రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం. చదివి వినిపించకుండా దాఖలు చేసిన అర్జీ నా బెయిలు అర్జీ ఒక్కటే. నన్ను దుకాణంలో పట్టుకుంటే, ఇంట్లో పట్టుకున్నారని రాశారు. అవతలి వకీలు ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆడుకున్నాడు. బెయిలు పోయింది. మరో పంతొమ్మిది రోజులు జైల్లోనే ఉన్నాను.

వకీలమ్మ ములాఖత్‌కి వచ్చి, ఇనప ఊచల అవతల నిలబడి, "తప్పు నాది. కోర్టులోనూ చెప్తాను" అన్నారు. చెప్పారు, నిండు కోర్టులో! తప్పు ఒప్పుకున్న వకీలుని మీరెక్కడైనా చూశారా? వెనక వరస నవ్వకండి, మిమ్మల్నే అడుగుతున్నాను.

నా భార్య ఊరుకోలేదు. ఆవిడ ఆఫీసుకెళ్లి, "ఆ పంతొమ్మిది రోజులు ఎవరు తెచ్చిస్తారు?" అని కడిగేసింది. "ఎవరూ తేలేరమ్మా. ఇంకొకరికి ఇలా జరక్కుండా నువ్వు కూర్చుని వింటావా?" అన్నారట. అంతే. ఏడేళ్లుగా నా భార్య తలూపనిదే అక్కడి నుంచి ఒక్క అర్జీ గడప దాటలేదు. మా ఆవిడ మీద నేను ఇంతవరకు గెలిచింది లేదు. వకీలమ్మ ఒక్క మాటతో గెలిచారు. తల్లీ, మేమివాళ తలెత్తుకుని తిరుగుతున్నామంటే నీ చలవే.

ఆవిడ బల్ల మీద పన్నెండు అర్జీలున్నాయి. రాశారు, చదివి వినిపించే లోపే గుండె ఆగిపోయింది. గడువు ఎల్లుండి. ఆ పన్నెండు కుటుంబాలూ ఈ హాల్లోనే ఉన్నాయి. రేపు పదింటికి రండి. జూనియర్ వకీలమ్మాయి చదువుతుంది, నా భార్య వింటుంది. మీ మాట కానిది ఒక్కటి కనబడినా చెప్పండి. పోయిన మనిషి రాసింది కదా, ఎలా కొట్టేయిస్తామని మొహమాటపడకండి. కొట్టేయించండి. లోపలున్నది మీ బిడ్డలు.

ఇప్పుడందరం లేచి నిలబడదాం. ఈ ఒక్క నిమిషం మాత్రం ఎవరం మాట్లాడొద్దు.