లేచిన చెయ్యి

ఆ రొట్టెపిండి వదిలెయ్యి అక్కా, పిసికి పిసికి చంపుతున్నావు! గంట కొట్టేశారు. మీటింగుకి వెళ్ళేలోగా నా మాట విను. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

అలా చూడకు. సవతి నోట మంచి మాట వస్తుందా అనేగా? రాదులే.

బిషప్పుగారు మళ్ళీ అదే అడుగుతారట. యూట్ తెగవాళ్ళ భయానికి ఏటి అవతల వదిలేసి వచ్చిన ఊరికి తిరిగి వెళ్దామా, ఈ కోటలోనే ఇంకో ఏడాది తలదాచుకుందామా అని. "వెళ్దామన్నవాళ్ళు కుడి చెయ్యి ఎత్తండి" అంటారు. మన మోర్మన్ మతంవాళ్ళ సంగతి తెలిసిందేగా! నాలుగు చేతులు లేస్తే నలభై లేస్తాయి. ఎత్తనివాడికి దేవుడి మీద నమ్మకం లేనట్టే.

పోయిన ఆగస్టులో ఏమైందో నీకేం తెలుసు? పురిటి మంచంలో ఉన్నావు. ఆయన చెయ్యెత్తారని విన్నావు, అంతే. "నన్నూ పిల్లల్నీ వదిలేసి గోధుమ కోతకి పరిగెత్తాడు మహానుభావుడు" అని ఎన్నిసార్లు తిట్టుకున్నావు! నేను పక్కనే బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఊరుకున్నాను.

ఆయనంతట ఆయన ఎత్తలేదక్కా. మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని, రెండు చేతులూ దానిమీదే ఉంచి కూర్చున్నారు. ఎత్తింది నేను. అందరికంటే ముందు!

భక్తా? నా మొహం! నీ వంటింట్లో, నీ పొయ్యి పక్కన, నీ దుప్పటి కప్పుకుని పడుకోలేక ఎత్తాను. ఆ ఊళ్ళో నాకంటూ ఓ గది ఉండేది, దానికో తలుపుండేది. ఆ తలుపు కోసం ఎత్తాను. మగాళ్ళ వరసలో ఎవడో నవ్వాడు, "ఆర్విల్, నీ చిన్నామే నయమయ్యా, నీకంటే ధైర్యముంది!" అని. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టోపీ కింద పడింది. చెయ్యి లేచింది.

ముందు కోతకని మగాళ్ళే వెళ్ళారు; నాలుగో రోజు ఆయన్ని చేలోనే కాల్చేశారు. యూట్ వాళ్ళని శపిస్తావు నువ్వు. వాళ్ళ గడ్డి మన గొడ్లు మేసేశాయి, వాళ్ళ లోయ మనం దున్నేశాం. కాల్చింది వాళ్ళే. పంపింది నేను.

కొట్టాలనుందా అక్కా? పోనీ కొట్టు, ఆ పిండి చేత్తోనే కొట్టు.

ఇవాళ నీ కొడుకు లీవై ఉంటాడు ఆ మగాళ్ళ వరసలో. పంతొమ్మిదేళ్ళ వాడు. పిన్ని ఏం చేస్తుందా అని నావైపే చూస్తాడు. ఎత్తనని ఒట్టేస్తాననుకుంటున్నావా? వెయ్యలేను. అందరూ చూస్తుంటే చెయ్యి దించుకుని కూర్చునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఆయన్ని పోగొట్టుకున్నాక కూడా లేదు, ఛీ!

అందుకే అడుగుతున్నా. నీ పసిదాన్ని ఇలా ఇయ్యి. మీటింగంతా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాను.