మూడో పిన్ను

ఒహైయోలోని ఒక పట్టణం. తాళంచెవి లేకుండా తాళాలు తెరవడమే వినోదంగా పెట్టుకున్న రెండు క్లబ్బుల వార్షిక పోటీ ఆ మధ్యాహ్నమే ముగిసింది. గెలిచిన జట్టులోని ఇద్దరు వృద్ధ మిత్రులు వెర్నన్, లైల్. వెర్నన్ ఇంటి వంటగది.

"గెలిచాం కదరా వెర్నన్, ఇంకా ఆ మొహమేంటి?"

"గెలిచాం. అదే నా బాధ. కూర్చో లైల్."

"కూర్చునే ఉన్నాను."

"రోండా చేతులు చూశావా?"

"టొలీడో క్లబ్బు రోండా చేతులా? ఈ వయసులో నాకెందుకురా?"

"నవ్వించకు. పోటీలో నేను చేసిన తాళం ఆమె చేతికిచ్చారు. లోపలున్న మొదటి పిన్ను ముట్టుతో ఎత్తింది, రెండోది ఎత్తింది. మూడోదాని దగ్గర ఏం చేసింది?"

"ఎత్తింది."

"ఎత్తలేదు. ముందు తాళాన్ని తిప్పే చెయ్యి సడలించింది."

"నడుము పిన్నయితే సడలించాలిగా. క్లబ్బులో పాఠం చెప్పేది నువ్వే."

"ఎందుకు సడలించాలి?"

"పరీక్షా? సరే. ఆ పిన్ను నడుం సన్నం, దారపు రీలులాగ. ఎత్తగానే అక్కడ తట్టుకుంటుంది. తాళం కొంచెం తిరుగుతుంది, తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. అబద్ధం. అప్పుడు చెయ్యి వదులు చేసి, కాస్త వెనక్కి పోనిచ్చి, మళ్లీ ఎత్తాలి."

"అప్పుడు. తాళం అబద్ధమాడాక. రోండా తాళం కదలకముందే సడలించింది."

"ఊహించి ఉంటుంది."

"ఏమీ జరక్కపోయేసరికి తలెత్తి ఎవరివంక చూసింది?"

"గడియారం వంక."

"గడియారం నీ మొహం మీద లేదు లైల్."

"ఒరేయ్, అడిగేదేదో సూటిగా అడుగు."

"మూడోది నడుము పిన్నని క్రిస్మస్‌ నాడు నీకొక్కడికే చెప్పాను."

"ఎవరైనా తాళం విప్పి చూసుండచ్చు..."

"విప్పి చూసినవాడికి మూడోది మామూలు పిన్నని తెలిసేది."

"ఏంటీ?"

"నడుము పిన్ను ఐదోది. మూడోదన్నది నీకోసం అల్లిన అబద్ధం. ఇవాళ అదే అబద్ధం రోండా చేతిలో కనబడింది."

"నాకు ఎర వేశావా? నాకు!"

"పోయినేడు నా తాళాన్ని టొలీడో వాళ్లు నిమిషంలో తెరిచారు. అప్పట్నించీ అనుమానం. ఇవాళ రుజువు దొరికింది."

"పోయినేడు నేను చెప్పలేదు వెర్నన్."

"ఈ యేడు?"

"ఈ యేడు... చెప్పాను."

"ముప్పై ఏళ్లు, లైల్! ముప్పై ఏళ్లు! వద్దు, ఎందుకో చెప్పకు. నా వర్క్‌షాపు తాళంచెవి నీ దగ్గరుంది. ఈ ఊళ్లో ఇంకెవ్వరికీ ఇవ్వలేదు నేను. బల్ల మీద పెట్టు. అక్కడితో మనకి చెల్లు."

"పెడతాను. నీ పుట్టినరోజుకి చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె కొన్నాను. నువ్వు లేనప్పుడు నీ పనిబల్ల మీద పెట్టి పోదామని వచ్చాను."

"పుట్టినరోజుకా? జనవరిలోనా?"

"జనవరిలోనే. మంచులో నిలబడి తాళంచెవి తిప్పాను. కొంచెం తిరిగింది, తెరుచుకున్నట్టే అనిపించింది."

"లైల్..."

"పని ముట్లు అప్పుడు జేబులోనే ఉన్నాయి, వాటితో తెరవగలిగేవాణ్ణి. కానీ వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకూడదని క్లబ్బు నియమం. రాసింది నువ్వే."

"నేను నీకు చెబుదామనే..."

"ఇదిగో తీసుకో. నాకు చెప్పకుండా ఆ తలుపుకి తాళం మార్చేశావని తెలిసిన రోజే రోండాకి ఫోన్ చేశాను."