పరీక్షకు వెళ్లాల్సిన కోడి మా ఇంటికొచ్చింది

హలో… ఆ, నేనేరా, మీ బావనే. నా షిఫ్టు మధ్యాహ్నం కదా, పొద్దున్నే ఏం మునిగింది?…

ఫ్యాక్టరీ ల్యాబు రిపోర్టొచ్చిందా?… క్రిములా! మిగతా లైన్ల కోళ్లన్నీ శుభ్రం, మన లైన్‌ది ఒక్కటేనా?… ఆ, కోసి శుభ్రం చేసిన మన కోడిని ల్యాబుకి పట్టుకెళ్లింది నేనే…

మూడు లారీల సరుకు ఆపేశారా?… కారణం తేలకపోతే మన లైన్‌కి తాళమేనా?…

సరే, విను. అరవకు. మీ అక్క పెరట్లో బట్టలారేస్తోంది… ఆ కోడిని తిన్నగా ల్యాబుకి తీసుకెళ్లలేదురా. మధ్యలో ఇంటికి తెచ్చా…

ఎందుకా? పోయినసారి మన లైన్ కోడి ఫెయిలైతే ఆ ల్యాబు మేడం నన్ను నలుగురిలో ఉతికి ఆరేసింది. ఇరవై ఏళ్లుగా కోళ్ల కడుపులు కడుగుతున్నా, ఒక్కడూ మెచ్చుకోలేదు. అందుకే ఈసారి ఇంకాస్త శుభ్రంగా ఉండాలని… మీ అక్కతో కడిగించా.

నవ్వకు! రెండుసార్లు కడిగింది, పాపం. పీచుతో రుద్ది మరీ…

ఏ పీచేంటి? గిన్నెలు తోమేదే… ఎన్నాళ్లదో నాకేం తెలుసు? పెళ్లినాటిది మాత్రం కాదు…

మేడం నీ పక్కనే ఉందా? ఏమంటోంది?… అలాంటి పీచులో కోట్ల క్రిములుంటాయా? అంటే మన ఫ్యాక్టరీ కోడి శుభ్రం, మా వంటింట్లో చెడిపోయింది!…

అయితే నువ్వే చెప్పు మీ అక్కకి. తోడబుట్టినవాడివి… భయమా? నువ్వు ఫోన్ పెట్టేసి బతికిపోతావు. మూడు పూటలా ఆ చేతివంట తినేది నేనురా!

వద్దు, వద్దు! మేడం మా సింకు చూడ్డానికి రావద్దు. వస్తే తిరిగి వెళ్లదు, మీ అక్క సంగతి నీకు తెలీదా?…

రాసుకో. ఇంటికి తెచ్చింది నేను. కడిగింది నేను. మీ అక్క ఊళ్లోనే లేదు. ఉద్యోగం పోతే పోనీ…

ఆ… లైన్‌లోనే ఉన్నా…

ఇంకో రెండు కోళ్లు పరీక్షించి లారీలు వదిలేస్తారా? హమ్మయ్య! మరి నా సంగతి?… ఉంచుతారా!…

ఏంటీ? చేతులు కడుక్కోవడం నేర్పే క్లాసా? నాకా? వారం రోజులా?… చివర్లో పరీక్ష కూడానా! ఒరేయ్, పరీక్షలకు జడిసే కదరా అయిదో తరగతిలో బడి మానేశాను…

ఉష్, మీ అక్కొచ్చింది… ఏం లేదే, ఫ్యాక్టరీ నుంచి. నాకేదో ట్రైనింగట… ఆ, నా ఒక్కడికే… ప్రమోషనంటే… ఆ, అలాంటిదే…

విన్నావా? పక్కింటావిడకి చెప్పడానికి పరిగెత్తింది. ఇప్పుడు నేను పాసవ్వక చస్తానా!… పెట్టెయ్‌రా, పెట్టెయ్.