పోలమ్మ వదిన వంతు

"తాతా, ఎక్కువమందికి మేలు జరిగితే అది న్యాయమే అవుతుందా?" అని అడిగాను. కాలేజీలో పోటీకి ఇచ్చిన అంశం అది.

ఎక్కువమందికి మేలా? ఇదే మాట నేను గూడా అనుండా అమ్మణ్ణీ, నీకంటే గట్టిగా, పంచాయతీలో లేచి నిలబడి. కూర్చో చెబతా. ఆ ఫోను ఆడ పెట్టుకో. రికార్డు చేసుకుంటే చేసుకో, నాకేం భయం.

నాకప్పుడు ముప్పై ఉంటాయేమో. ముప్పై రెండా? మీ నాయన అప్పుడే నడక నేర్చినాడు, అదీ లెక్క. పులికాట్ చెరువులోకి సముద్రం పోటు ఎక్కే చోటుండాదే, మొగ అంటాం మేము, ఆడ వల కట్టినోడికి రొయ్య ఊడ్చి పోసినట్టు పడతాది. అమావాస్యకైతే చెప్పే పనే లేదు. మిగతా చోట్ల కూరకొస్తే గొప్ప. అందుకని కొట్టుకు చావకుండా మా పెద్దోళ్ళు ఒక కట్టుబాటు పెట్టినారు. మనూళ్ళో అప్పటికి నలభై ఒక్క ఇళ్ళు. ఇంటికొక పుల్ల, దాని మీద ఆ ఇంటి గుర్తు. మాది మూడు గాట్లు. ఆ పుల్లలన్నీ వరసగా ఒక తాడుకి కట్టి వలల పాకలో వేలాడదీసేది. రోజుకొక పుల్ల, ఆ ఇంటోడు మొగ కాడికి పోవాల. నీ వంతు మళ్ళీ రావాలంటే నలభై రోజులు ఆగాల.

అంతవరకు బాగానే ఉండాది. ఇంకోటి గూడా ఉండేది. నీళ్ళ మీదికి పొయ్యే మగోడు లేని ఇంటి పుల్ల తెంపేసేది. అట్టా రెండిళ్ళవి, కాదు కాదు, మూడిళ్ళవి తెంపినారు నాకు తెలిసి. వాళ్ళు యాడికి పొయినారో ఏం తిన్నారో మేం అడగలా. అడగాలని గూడా తోచలా.

మా పెదనాయన కొడుకు, లేదు, చిన్నాయన కొడుకు సుబ్బయ్యన్న. గాలికి పడవ తిరగబడి పొయినాడు. ఆయన పెళ్ళామే పోలమ్మ వదిన. ఇద్దరూ ఆడపిల్లలే. నెల తిరక్కముందే పుల్ల తెంపాలని పంచాయతీ పెట్టినారు. తాడు మీద వాళ్ళ పుల్ల పక్కన ఉండేది నా పుల్ల. వాళ్ళ వంతు అమావాస్య రోజున పడినాది, నాది ఆ మర్నాడు. వాళ్ళది తెంపితే అమావాస్య నాకొస్తాది. అర్థమైందా? నేను కొత్తగా నైలాను వల కొని ఉండా. ఊరికంతా రెండే అట్టాంటివి. మిగతావన్నీ నూలు వలలు, తుమ్మచెక్క ఉడికించి ముంచేది, చేతులన్నీ ఎర్రగా అయిపొయ్యేవి... సరే, అది వదిలెయ్.

నాకు నోరు ఎక్కువ గదా, నన్నే మాట్లాడమన్నారు. లేచినా. "నలభై ఇళ్ళకి వంతు ఒకరోజు ముందొస్తాది. నష్టమా, ఒక్కింటికే. నలభై పెద్దదా, ఒకటి పెద్దదా?" అన్నా. అందరూ అవునవునంటాండారు. నా మాటకి నాకే ముచ్చటేసినాది.

ఆడోళ్ళు పాక బయటే నిలబడాల ఆ రోజుల్లో. పోలమ్మ వదిన లోపలికొచ్చేసినాది. ఏడుస్తాదేమో అనుకున్నాం. ఏడవలా.

"ఏంది మరిదీ, నలభై నలభై అంటాండావ్. ఆ నలభైమందికీ కలిపి ఒకటే కడుపుండాదా? ఎవరి కడుపు వాళ్ళదే గదా. గుంపుగా రావద్దు. ఒక్కొక్కరే వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పండి, 'నాకు ఒకరోజు ముందు కావాల, అందుకని నీ ఇల్లు మునిగినా పరవాలేదు' అని. ఆ మాట అన్నోడికి నా పుల్ల నేనే తెంపి ఇస్తా" అన్నది.

అబ్బే, ఎవడూ కదలడు. ఒకడికి వల్లో చిరుగు అప్పుడే కనబడినాది. పంచాయతీ పెద్ద నా పక్క చూసి, "మాట్లాడినోడివి నువ్వే గదబ్బయా, ముందు నువ్వే పో" అన్నాడు. పొయినా.

"వదినా, నాకు కొత్త వలుండాది."

"ఊఁ."

"ఎల్లుండే అమావాస్య."

"ఊఁ."

"నీ తర్వాత వంతు నాది..."

"అద్దీ! ఇప్పుడొచ్చినాది నలభైలోంచి ఒకటి" అన్నది. పాక ఎగిరిపొయ్యేట్టు నవ్వినారు. నేను గూడా నవ్వినా, ఏం చేస్తా మరి.

నవ్వు ఆగినాక ఒక ముసలాయన, "ఒళ్ళు తడవని ఇంటికి చేపలెందుకమ్మా?" అన్నాడు.

ఆమె ఆయన దిక్కే చూసి, "నా మొగుడు ఒళ్ళు తడవకుండానే పొయినాడా మామా?" అన్నది.

ఆగకుండా మళ్ళీ ఆమే అందుకున్నది. "ఈ తాడుని నమ్ముకునే ఆయన అంత గాలిలో గూడా వేటకి పొయినాడు. రేపు మీరు పొయ్యేటప్పుడు మీ పెళ్ళాలకి చెప్పి పోండి, తిరిగి రాకపోతే మీ పుల్ల గూడా తెంపుతామని."

బయటనుంచి ఒక గొంతు, "అయితే నాకూ అంతేనా?" అని. ఎవరనుకున్నావ్? మీ అవ్వ! మీ నాయన చంకలో ఉండాడు. నన్నే చూస్తా అడిగినాది. పోలమ్మ ఇంటి సంగతి మాట్లాడుతుండామనుకున్నాం గానీ, అది మా ఇళ్ళ సంగతి గూడానని అప్పటిదాకా ఒక్కడికీ తట్టలా చూడు.

పుల్ల తెంపలా. మగదిక్కు లేని ఇంటి వంతుకి, తాడు మీద ఆ తర్వాత పుల్ల ఇంటోడు పోవాల, పడినదాంట్లో సగం ఆ ఇంటికియ్యాల, బదులుగా వల బాగుచేసే పని ఆ ఇంటి ఆడోళ్ళు చెయ్యాల. పోలమ్మకనే కాదు, ఊళ్ళో ఏ ఇంటికైనా ఇదే అని కొత్త కట్టుబాటు. తర్వాత పుల్ల ఎవరిది? నాదే! అమావాస్య రోజు నా కొత్త వల తీసుకుని ఆమె వంతుకి నేనే పొయినా.

పడినాయి తల్లీ, రొయ్యలు, కొయ్యంగ చేపలు, మోయలేనన్ని. ఆమె ఇంటి ముందర పోసి రెండు కుప్పలు చేసినా. సిగ్గో ఏందో, ఆమె కుప్పలో నాలుగు పెద్ద కొయ్యంగలు ఎక్కువేసినా. చూసినాది. వొంగి ఆ నాలుగూ తీసి నా బుట్టలో పడేసినాది.

"సగం అన్నారు గదా అబ్బయా."

"ఉంచు వదినా, పిల్లలుండారు."

"పిల్లలకి నా సగంలోనే ఉండాది. నువ్వు దయతలిచి నాలుగు ఎక్కువిస్తే తీసుకున్నాననుకో, నీకు దయలేని రోజు ఎన్ని తగ్గిస్తావో నాకేం తెలుసు?"

బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసినా.

పోటీలో గెలువు తల్లీ. నోరుండాది నీకు, నా నోరే వచ్చినాది. నీ మాట ఎవరి మీద పడతాదో వాళ్ళని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడు. నూరేళ్ళు సల్లగా ఉండు. పోలమ్మ వదిన ఉంటేనా, నిన్ను చూసి... ఏమనేదో మరి. ఊరికే మాత్రం మెచ్చుకోదులే ఆమె...